దారి సుంకం మీద బతికిన ఊరు



మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసాల్లో ఇంతవరకు మన శాసనాల మీద, మన రేవుల మీద, మన కోటల మీద ఉద్దండులు మాట్లాడారు. నేను డెన్మార్కులోని ఒక చిన్న ఊరి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాసేపు ఆలోచనలో పడ్డారు. మాస్టారు తరగతిలో ఏ యుద్ధం గురించి చెప్పబోయినా ముందుగా అడిగే ప్రశ్న ఒకటుండేది: "దీనికి డబ్బు ఎక్కడిదిరా?" రాజుల బిరుదులకన్నా పద్దుపుస్తకాలను ఎక్కువగా నమ్మిన మనిషి ఆయన. ఆ ప్రశ్నకు హెల్సింగోర్ చెప్పినంత సూటిగా జవాబు చెప్పే ఊరు నాకు మరొకటి తెలియదు. అదే నా సంజాయిషీ.

హెల్సింగోర్ అంటే మీలో కొందరికి తట్టకపోవచ్చు. ఎల్సినోర్ అంటే ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్ళు వెంటనే పోల్చుకుంటారు. హామ్లెట్ ఊరు. షేక్‌స్పియర్ దగ్గరికి తర్వాత వద్దాం. ముందు ఒకసారి పటం చూడండి. ఉత్తర ఐరోపాలో బాల్టిక్ సముద్రం దాదాపు మూతి బిగించిన సంచి లాంటిది. లోపల పోలండు, ప్రష్యా, లివోనియా, ఫిన్లాండు, స్వీడను. అక్కడినుంచి బయటికి రావాల్సినవి రై ధాన్యం, కలప, తారు, జనపనార, ఇనుము. బయటినుంచి లోపలికి పోవాల్సినవి ఉప్పు, ద్రాక్షసారా, ఉన్ని బట్టలు. నెదర్లాండ్స్ తిండిగింజలకూ, ఇంగ్లండు ఓడల కొయ్యకూ ఈ దారే దిక్కు. ఆ సంచి మూతి దగ్గర సముద్రం నాలుగు కిలోమీటర్ల వెడల్పుకు కుంచించుకుపోతుంది. దాని పేరు ఓరెసుండ్ జలసంధి. పడమటి ఒడ్డున హెల్సింగోర్, తూర్పు ఒడ్డున హెల్సింగ్‌బోర్గ్. ఇవాళ తూర్పు ఒడ్డు స్వీడన్‌ది. 1658 దాకా మాత్రం రెండు ఒడ్లూ డెన్మార్క్ రాజువే. లోపలికి పోవడానికి బెల్ట్ అనే మరో రెండు జలమార్గాలున్నాయి. అవీ డెన్మార్క్ చేతిలోవే.

ఈ సంగతిని ముందుగా డబ్బుగా మార్చుకున్నవాడు పొమెరేనియా ఎరిక్. డెన్మార్క్, నార్వే, స్వీడన్ మూడు రాజ్యాలనూ ఏలిన రాజు. 1426లో హెల్సింగోర్‌కు పట్టణ హక్కులిచ్చాడు. ఒడ్డు మీద ముక్కులా ముందుకు పొడుచుకొచ్చిన చోట క్రోగెన్ అనే కోట కట్టించాడు. 1429 నుంచి ఆ దారిన పోయే ప్రతి ఓడా ఆగి సుంకం చెల్లించాలన్నాడు. 1430లో కార్మెలైట్ సన్యాసులకు మఠం ఇచ్చాడు. కోట, సుంకం, మఠం, ఊరు, అన్నీ ఓ నాలుగైదేళ్ళలో ఒకే మనిషి పథకంలోంచి వచ్చినవే. పొలం చుట్టూనో, సంత చుట్టూనో పెరిగిన ఊరు కాదిది. ఎదురుగా పోయే ఓడల కోసం పుట్టించిన ఊరు.

సుంకం ఎలా వసూలయ్యేదో కాస్త వివరంగా చెప్పాలి. నా దృష్టిలో ఈ ఊరి చరిత్రకంతటికీ ఆయువుపట్టు అదే. ఓడ కోట ముందుకు రాగానే మర్యాదగా పై తెరచాప దించాలి. దించకపోతే కోటలో ఫిరంగులున్నాయి. లంగరు వేశాక కెప్టెన్ చిన్న పడవలో ఒడ్డుకు వచ్చి, సుంకం కచేరీలో కాగితాలు చూపించాలి. మొదట్లో ఓడకింత అని కట్టుబడి, ఒక ఇంగ్లీషు బంగారు నాణెం. చిన్న ఓడకూ పెద్ద ఓడకూ ఒకే లెక్క కావడంతో పెద్ద ఓడలవాళ్ళు లోలోపల సంతోషించారు. ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. 1567లో రెండవ ఫ్రెడరిక్ సుంకాన్ని సరుకు మోతకు ముడిపెట్టాడు. స్వీడన్‌తో యుద్ధం నడుస్తోంది, ఖజానా ఖాళీగా ఉంది. కొత్త లెక్కతో రాబడి ఒక్కసారిగా ఎన్నో రెట్లయింది.

మోత మీద కాక సరుకు విలువ మీద సుంకం వేసిన చోట, ఆ విలువ ఎంతో ఎవరు చెప్పాలి? కెప్టెనే చెప్పాలి. మరి అబద్ధం చెప్పడా? దానికి డెన్మార్క్ రాజు కనిపెట్టిన కిటుకు ఇప్పటి ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో చోటు చేసుకోదగ్గది. కెప్టెన్ చెప్పిన ధరకు ఆ సరుకును కొనుక్కునే హక్కు రాజు తన దగ్గర ఉంచుకున్నాడు. సుంకం మిగుల్చుకుందామని ధర తగ్గించి చెబితే, "సరే, ఆ ధరకే మేము తీసుకుంటాం" అనే ప్రమాదముంది. ఎక్కువ చెబితే సుంకం ఎక్కువ కట్టాలి. కాబట్టి నిజం చెప్పడమే చవక. ప్రతి పెట్టే విప్పి చూడాల్సిన పని అధికారులకు చాలావరకు తప్పింది. కెప్టెన్లకూ ఆలస్యం తప్పింది.

డచ్చివాళ్ళు మాత్రం ఊరుకోలేదు. ఓడ పరిమాణాన్ని పైతట్టు వెడల్పుతో కొలిచిన కాలంలో, పైన ఇరుకుగా, కింద పొట్ట ఉబ్బి ఉండే ఫ్లూట్ ఓడలు కట్టారని నౌకా చరిత్రకారులు చెబుతారు. ఓడ ఆకారానికి కారణాలు మరికొన్ని ఉండవచ్చు. కానీ ఒక సుంకం కచేరీ సముద్రంలో తిరిగే ఓడల నడుము కొలతను మార్చిందంటే నమ్మబుద్ధి అవుతుంది నాకు. పన్ను కట్టేవాడి తెలివి ఎప్పుడూ పన్ను వేసేవాడి తెలివికి ఒక్క అడుగు ముందే ఉంటుంది.

ఈ డబ్బుకున్న ఇంకో గుణం ముఖ్యమైనది. ఇది రాజు సొంత పెట్టెలోకి పోయేది. ప్రభువర్గం సభ చేతుల్లోకి పోయేది కాదు. యుద్ధం చేయాలన్నా, కోట కట్టాలన్నా రాజు ఎవరినీ దేబిరించక్కర్లేదు. దాని తొలి ఫలితం మీ కళ్ళకు ఇవాళ్టికీ కనబడుతుంది. పాత క్రోగెన్ కోట స్థానంలో రెండవ ఫ్రెడరిక్ 1574 నుంచి 1585 వరకు కట్టించిన క్రోన్‌బోర్గ్ అది. వాస్తుశిల్పులు ఇద్దరూ నెదర్లాండ్స్ ప్రాంతంవాళ్ళే: హాన్స్ వాన్ పాషెన్, ఆంథోనిస్ వాన్ ఒబెర్గెన్. 1577లో కొత్త పేరు పెట్టి, ఇకమీదట ఎవరైనా పాత పేరుతో పిలిస్తే ఒక ఎద్దు జుర్మానా అన్నాడు రాజు. గోడలకు ఇసుకరాయి పలకలు, కప్పుకు రాగి రేకు. విందుశాల 62 మీటర్ల పొడవు. ఆ హాలులో ఈ చివర నిలబడితే ఆ చివర నిలబడ్డ మనిషి ముఖం ఆనవాలు పట్టలేం. గోడల నిండా డెన్మార్క్ రాజుల బొమ్మలతో తెరలు నేయించారు. హాన్స్ క్నీపర్ పర్యవేక్షణలో నేసిన సుమారు 40 తెరల్లో 15 మిగిలాయి. పురాణాల్లోని రాజుల్ని కూడా కలుపుకుని వంద మంది రాజుల వరస అది. మనకు కొత్త కాదు: చేతిలో డబ్బు పడ్డ ప్రతి వంశమూ మొదట చేయించుకునేది వంశావళే.

ఇప్పుడు హామ్లెట్. ఆమ్లెత్ కథ 1200 ప్రాంతంలో సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన డెన్మార్క్ చరిత్రలో ఉంది. అందులో హెల్సింగోర్ లేదు. ఆ కథ జట్లాండ్‌ది. అప్పటికి ఈ కోటా లేదు. మరి షేక్‌స్పియర్ దాన్ని ఇక్కడికి ఎందుకు తెచ్చాడు? 1600 నాటికి లండన్ రేవులో తిరిగే ప్రతి నావికుడికీ ఎల్సినోర్ తెలుసు. తప్పించుకోలేని సుంకం కట్టిన ఊరిని ఎవడు మరిచిపోతాడు? పైగా ఇంగ్లీషు నటులు ఇక్కడికి వచ్చారు. 1585 నాటి పట్టణం లెక్కల్లో ఒక చిన్న ఖర్చు ఉంది. టౌన్‌హాలు పెరట్లో ఇంగ్లీషువాళ్ళు ఆడుతుంటే చూడటానికి ఎగబడ్డ జనం పడగొట్టిన పలకల దడికి మరమ్మతు ఖర్చు అది. మరుసటి ఏడాది విల్ కెంప్, జార్జ్ బ్రయన్, థామస్ పోప్ అనే నటులు డెన్మార్క్ రాజాస్థానంలో ఉన్నారు. ఆ ముగ్గురూ తర్వాత షేక్‌స్పియర్ ఉన్న నాటక బృందంలో చేరారు. వాళ్ళు ఏం చెప్పారో, ఆయన ఏం విన్నాడో ఎవరూ రుజువు చెయ్యలేరు. నాకు మాత్రం పండితుల ఊహలకన్నా ఆ విరిగిన దడి మీద గురి ఎక్కువ. నాటకానికి ప్రేక్షకులున్నారనడానికి అంతకుమించిన సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఫ్రెడరిక్ కొడుకు నాలుగవ క్రిస్టియన్ తండ్రి సుంకాన్ని తిన్నాడు, తండ్రి కోటను నిప్పుకు పోగొట్టుకున్నాడు. 1629లో క్రోన్‌బోర్గ్ తగలబడింది. కమానులు గట్టివి కావడంతో ప్రార్థనామందిరం ఒక్కటి బతికింది. మళ్ళీ కట్టించాడు. ఎలా? సుంకం పెంచి. పెంచీ పెంచీ డచ్చివాళ్ళకు ఓపిక నశించేలా చేశాడు. స్వీడన్‌తో 1643లో యుద్ధం వచ్చినప్పుడు డచ్చి ఓడలు ఎటు నిలబడ్డాయో చెప్పక్కర్లేదు. 1645లో సంధి చేసుకుని స్వీడన్ ఓడలకు సుంకం మాఫీ చేశాడు, డచ్చివాళ్ళకు తగ్గించాడు. 1658లో తూర్పు ఒడ్డు శాశ్వతంగా పోయింది. అదే ఏడాది స్వీడిష్ సైన్యం క్రోన్‌బోర్గ్‌ను పట్టుకుని, పోతూ పోతూ ప్రాంగణంలోని కంచు ఫౌంటెన్‌ను కూడా ఊడబెరుక్కుపోయింది. గల్లాపెట్టె నిండుగా ఉందన్న ధీమాతో పొరుగువాళ్ళందరినీ ఒకేసారి శత్రువుల్ని చేసుకున్న రాజు కథ ఇది.

ఈ క్రిస్టియన్‌కు మనతోనూ లావాదేవీ ఉంది. 1616లో ఆయన ఈస్టిండియా కంపెనీ పెట్టించాడు. 1618 నవంబరులో ఓవే యెడ్డె నాయకత్వాన కోపెన్‌హాగన్‌లో బయలుదేరిన ఓడలు క్రోన్‌బోర్గ్ ముందునుంచే ఉత్తరానికి సాగి అట్లాంటిక్‌లోకి వెళ్ళాయి. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడితో ఒప్పందమై, తరంగంబాడి డేనిష్ వారి చేతికొచ్చింది. రఘునాథుడు తెలుగులో కావ్యాలు రాసిన రాజు. చేమకూర వెంకటకవి విజయవిలాసాన్ని అంకితం పుచ్చుకున్నవాడు. ఆయన క్రిస్టియన్‌కు బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ కోపెన్‌హాగన్‌లోని జాతీయ దస్తావేజుల భాండాగారంలో భద్రంగా ఉంది. లేఖ తమిళంలో, సంతకం తెలుగులో. హెల్సింగోర్ సుంకం పుస్తకాలు ఉన్నదీ ఆ భాండాగారంలోనే. 1625 నాటికి డేనిష్ వర్తకులు మచిలీపట్నంలోనూ కొట్టు తెరిచారు. అక్కడ వాళ్ళు ఎక్కువకాలం నిలదొక్కుకోలేదు. తమ ఇంటి గుమ్మంలో అందరి దగ్గరా పన్ను గుంజే దేశం, పరాయి రేవులో సుంకరి ముందు చేతులు కట్టుకుని నిలబడాల్సి వచ్చింది. దీన్ని గురించి ఓవే యెడ్డె ఏమనుకున్నాడో తెలుసుకోవాలని నాకెప్పుడూ కుతూహలమే.

కోట గురించే మాట్లాడుతూ పోతే ఊరికి అన్యాయం చేసినవాణ్నవుతాను. స్టెన్‌గాడె వీధిలో నడిస్తే మధ్యయుగం నాటి వీధుల అల్లిక అలాగే ఉంది. గాలి అనుకూలించేదాకా ఓడలు రోజుల తరబడి లంగరు వేసుకునేవి. ఆ రోజుల్లో కెప్టెన్లకు రొట్టెలు, బీరు, ఉప్పుచేప, తాళ్ళు, ముఖ్యంగా అప్పు కావాలి. వాళ్ళ తరఫున కాగితాలు నడిపే ఏజెంట్లు కావాలి. డచ్చివాళ్ళు, స్కాట్లండువాళ్ళు, జర్మన్లు, ఇంగ్లీషువాళ్ళు ఇక్కడే స్థిరపడ్డారు. సెయింట్ ఓలై చర్చి వర్తకుల చందాలతో పెద్దదై, 1961లో కెథెడ్రల్ అయింది. మఠాన్ని ఆనుకున్న సెయింట్ మేరీ చర్చిలో 1660 నుంచి 1668 దాకా ఆర్గన్ వాయించినవాడు డీట్రిచ్ బుక్స్‌టెహూడె. తండ్రి ఓలైలో, కొడుకు మేరీలో. కొడుకు తర్వాత లూబెక్‌కు వెళ్ళిపోయాడు. 1705లో ఆయన వాద్యం వినడానికి యువకుడైన బాఖ్ వందల మైళ్ళు నడిచి లూబెక్‌కే వెళ్ళాడు. ఆ కార్మెలైట్ మఠం స్కాండినేవియాలో మిగిలినవాటిలోకెల్లా చెక్కుచెదరనిది. మత సంస్కరణ తర్వాత దాన్ని ఆసుపత్రిగా వాడుకోవడంతో బతికిపోయింది. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1826లో ఈ ఊరి బడిలో చదివాడు. హెడ్మాస్టరు సాధింపుతో నరకం చూశాడు. క్రోన్‌బోర్గ్ నేలమాళిగలో వీరుడు హోల్గర్ డాన్‌స్కె నిద్రపోతున్నాడనీ, దేశానికి ఆపద వస్తే లేస్తాడనీ ఉన్న ఐతిహ్యాన్ని ఆయనే 1845లో కథగా రాసి అందరి నోళ్ళలో పెట్టాడు. ఇప్పుడు ఆ నేలమాళిగలో గడ్డం పెంచుకుని తలవంచి కూర్చున్న పెద్ద విగ్రహం ఉంది. దాని చుట్టూ చీకటి, చెమ్మ, సెల్‌ఫోన్ లైట్లు వేసుకున్న బడిపిల్లలు.

ఆ కోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం వీరుడు కాదు, ఒక ఖైదీ. కారొలీన్ మతిల్డె ఇంగ్లండు రాజు మూడవ జార్జి చెల్లెలు, మతి చలించిన ఏడవ క్రిస్టియన్ భార్య. రాజవైద్యుడు స్త్రువెన్‌సేతో ఆమెకు సంబంధముందని 1772 జనవరిలో ఇక్కడికి తెచ్చి బంధించారు. అప్పటికామెకు ఇరవై ఏళ్ళు. చంకలో ఏడాది నిండని ఆడపిల్ల. ఏప్రిల్‌లో స్త్రువెన్‌సేను నరికేశారు. మే నెలలో అన్నగారు పంపిన ఓడలు కోట ముందు లంగరు వేశాయి. పిల్లను వదిలేసి ఆమె ఓడ ఎక్కింది. మళ్ళీ చూడలేదు. సుంకం కట్టేవాళ్ళను గమనించడానికి పెట్టిన కిటికీలవి. ఆమెకు వాటిలోంచి కనబడ్డది తనను తీసుకుపోయే తెరచాపలు.

సుంకం పోయిన కథ తొందరగానే ముగుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దిలో సముద్రం ఎవడబ్బ సొత్తూ కాదన్న వాదం బలపడింది. అమెరికా 1855లో ఇక కట్టనని నోటీసిచ్చింది. 1857 మార్చి 14న కోపెన్‌హాగన్‌లో ఒడంబడిక జరిగి, ఏప్రిల్ 1 నుంచి సుంకం రద్దయింది. నష్టపరిహారంగా ఐరోపా దేశాలు కలిసి మూడు కోట్ల ముప్ఫై లక్షలకు పైగా రిగ్స్‌డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. ఆ డబ్బు దేశానికి దక్కింది. హెల్సింగోర్ ఏజెంట్లకు, రొట్టెలవాళ్ళకు, తాళ్ళవాళ్ళకు దక్కింది ఖాళీ రేవు. ఓడలు ఇప్పుడు ఆగకుండా పోతున్నాయి, పైగా అవి ఆవిరి ఓడలు, గాలి కోసం కాచుకోనక్కర్లేదు. నాలుగు వందల ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు ఒక్క వసంతంలో తెగిపోయింది.

ఊరు మళ్ళీ కడుపు నింపుకోవడానికి పాతికేళ్ళు పట్టింది. 1882లో కోట పక్కనే ఇనుప ఓడల కర్మాగారం పెట్టారు. ఆపే ఊరు కట్టే ఊరైంది. వేలమంది అందులో పనిచేశారు. సైరన్ మోతకు ఊరంతా లేచేది, ఊరంతా పడుకునేది. 1891లో కొత్త స్టేషను, 1892లో రైలుపెట్టెలను ఓడలోకి ఎక్కించి స్వీడన్‌కు దాటించే ఫెర్రీ వచ్చాయి. 1937లో లండన్ ఓల్డ్ విక్ బృందం ప్రాంగణంలో హామ్లెట్ ఆడటానికి వచ్చింది. లారెన్స్ ఒలీవియర్, వివియన్ లీ, దర్శకుడు టైరోన్ గుత్రీ. తొలిరాత్రి కుండపోత వాన. ప్రదర్శనను మారియెన్‌లిస్ట్ హోటల్ హాలులోకి మార్చి, కుర్చీలు జరిపి, ప్రేక్షకుల మధ్యే ఆడేశారు. మూడువైపులా జనం కూర్చునే రంగస్థలం మీద గుత్రీకి కుదిరిన నమ్మకానికి ఆ రాత్రి బీజం పడిందంటారు.

ఆరేళ్ళకు వేరే రకమైన రాత్రులు వచ్చాయి. 1943 అక్టోబరులో నాజీలు యూదులను పట్టుకోబోతున్నారని పొక్కగానే, ఎదుటి ఒడ్డు తటస్థ స్వీడన్‌ది కావడంతో జనం ఈ తీరానికే పరిగెత్తారు. బుక్‌బైండర్ ఎర్లింగ్ కియెర్, ఒక పోలీసు, ఒక గుమాస్తా, ఒక విలేఖరి కలిసి ముఠా కట్టారు. బయటికి చెప్పుకున్న పేరు హెల్సింగోర్ కుట్టుపని సంఘం. చిన్న మోటారు పడవల్లో వందలమందిని దాటించారు. కియెర్ 1944లో జర్మన్లకు దొరికిపోయాడు, కానీ ప్రాణాలతో బయటపడ్డాడు. అన్ని శతాబ్దాలు ఈ నాలుగు కిలోమీటర్ల నీటిని ఓడలు పొడవునా దాటాయి. ఆ అక్టోబరులో దాని వెడల్పే ముఖ్యమైంది.

ఓడల కర్మాగారం 1983లో మూతపడింది. ఆ షెడ్లలో 2010లో గ్రంథాలయం, నాటకశాల పెట్టారు. పక్కనున్న పాత డ్రైడాక్‌లో సముద్రయాన మ్యూజియం కట్టాలన్నప్పుడు చిక్కు వచ్చింది. 2000లో క్రోన్‌బోర్గ్ ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కింది, దానికి అడ్డంగా ఏదీ లేవకూడదు. బియార్కె ఇంగెల్స్ బృందం డాక్‌ను ఖాళీగానే వదిలి, దాని గోడల వెనక భూమిలోపల గదులు తవ్వి, 2013లో మ్యూజియం తెరిచింది. పైనుంచి చూస్తే ఓడ లేని గుంట. వాలుగా దిగే వంతెన మీద లోపలికి పోతుంటే ఒకవైపు ఓడలు ఒరుసుకుపోయిన పాత కాంక్రీటు గోడ, మరకలతో, అలాగే కనిపిస్తుంది. సున్నం వెయ్యనందుకు వాళ్ళను అభినందించాలి.

సుంకం పుస్తకాల సంగతి చెప్పి ముగిస్తాను. 1497 నుంచి 1857 దాకా మిగిలిన ఆ పద్దుల్లో తేదీ, కెప్టెన్ పేరు, సొంత ఊరు, సరుకు, కట్టిన మొత్తం ఉంటాయి. మొత్తం సుమారు 18 లక్షల ప్రయాణాలు. నెదర్లాండ్స్ పరిశోధకులు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఏ ఏడు ఈ దారిన ధాన్యం ఎంత పోయింది, ఏ యుద్ధంలో ఏ దేశం ఓడలు ఆగిపోయాయి అన్నది ఇప్పుడు ఇంట్లో కూర్చుని వెతుక్కోవచ్చు. దోపిడీ అని తిట్టుకుంటూ కట్టిన డబ్బుకు ఇంత మంచి రసీదు మరెక్కడా మిగల్లేదు.

జలసంధిని ఇవాళ ఫెర్రీలో ఇరవై నిమిషాల్లో దాటవచ్చు. రెండు ఓడలు బ్యాటరీ మీద నడుస్తాయి. రేవుకు ఆనగానే ఒక రోబో చెయ్యి చాచి కరెంటు తీగ తగిలిస్తుంది. ఫెర్రీకి బేరం మాత్రం తగ్గింది. 2000లో దక్షిణాన కోపెన్‌హాగన్, మాల్మోల మధ్య పెద్ద వంతెన తెరిచారు, బళ్ళు అటు మళ్ళాయి. కట్టడానికి చేసిన అప్పు తీర్చడానికి ఆ వంతెన మీద ప్రతి కారూ, ప్రతి లారీ సుంకం కట్టాలి. వసూలు గేట్లు మాత్రం స్వీడన్ ఒడ్డున ఉన్నాయి.